చుక్కల మేస్త్రి బామ్మర్ది

ఆ షెడ్డులో ఇద్దరే మనుషులు, ఒకరు బావ, ఒకరు బామ్మర్ది. బావని అందరూ చుక్కల మేస్త్రి అనేవారు. బామ్మర్దికి మాత్రం సొంత పేరంటూ మిగల్లేదు. పెళ్లయి, పిల్లలు పుట్టి, చెంపలు నెరిసినా వీధి వీధంతా అతన్ని "బామ్మర్దీ" అనే పిలిచేది. ఆఖరికి పాలవాడు కూడా.

"ఊరందరికీ బామ్మర్దినైపోయానక్కా" అని అతను వాపోతే, "మంచిదేగా, ఊళ్లో ఆడవాళ్లంతా నీకు అక్కలే. బుద్ధిగా ఉంటావు" అనేది అక్క.

ఆ షెడ్డుకి వచ్చేవన్నీ తాతల నాటి కార్లు. పాత ఇంజన్లలో అడుగునుండే నూనె పైదాకా సరిగ్గా ఎక్కదు. పైనున్న వాల్వులు, అంటే పెట్రోలుని లోపలికి రానిచ్చి పొగని బయటికి పంపే తలుపుల్లాంటివి, ఎండిపోయి పట్టేస్తుంటాయి. అందుకని ఇంజన్ పక్కన ఓ చిన్న గాజు సీసా బిగిస్తారు. దానికో సన్నటి రాగి గొట్టం. ఇంజన్ గాలి పీల్చినప్పుడల్లా సీసాలోని పల్చటి నూనె కూడా చుక్క చుక్కగా లోపలికి పోయి వాల్వుల్ని తడుపుతుంది. సీసాకుండే ఇత్తడి మర ఎంత తిప్పాలన్నదే అసలు విద్య. చుక్కలు ఎక్కువైతే ఇంజన్ పొగ కక్కుతుంది, ప్లగ్గులు మసిబారి బండి ఆగిపోతుంది. తక్కువైతే వాల్వు గొంతు ఎండుతుంది.

"పసిబిడ్డకి పాలు పట్టినట్టు పట్టాల్రా. ఆకలీ తీరాలి, పొలమారకూడదు" అనేవాడు మేస్త్రి.

ఆ చుక్కల వల్లే ఆయనకా పేరు. గిట్టనివాళ్లు మాత్రం, బండి ఎప్పుడిస్తావని అడగడానికి వెళ్లినవాళ్లకి చుక్కలు చూపిస్తాడు కాబట్టే ఆ పేరొచ్చిందనేవారు. ఆ మాటకి అందరికంటే గట్టిగా నవ్వేది మేస్త్రే.

బామ్మర్ది నిక్కర్లేసుకునే వయసులో తండ్రి పోతే, అక్క తనతో పాటు అత్తగారింటికి తెచ్చుకుంది. "పెళ్లాంతో పాటు వచ్చిన అదనపు సామాను వీడు" అని బావ నవ్వుతూ అందరికీ చెప్పేవాడు గానీ, కంచం దగ్గర ముందు వాడికే వడ్డించమనేవాడు. చదువు ఎక్కలేదు. బావే స్పానరు చేతికిచ్చి పని నేర్పాడు. ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. తప్పు చేస్తే, "సరే, ఇప్పుడు విప్పు" అనేవాడు, అంతే.

మొదటి తేడా బామ్మర్దికే కనిపించింది. బావ మర సరిచేసి, చేతులు తుడుచుకుని వెళ్లి, కాసేపటికి మళ్లీ వచ్చి అదే మర తిప్పుతున్నాడు. నిండుగా ఉన్న సీసాలోనే నూనె పోస్తున్నాడు. వయసు మీద పడుతోందిలే అనుకున్నాడు. ఒకరోజు బావ బానెట్ ఎత్తి, ఆ గాజు సీసా వంక చాలాసేపు చూశాడు.

"ఇదెందుకురా ఇక్కడ పెట్టారు?"

బావ హాస్యమాడుతున్నాడనుకుని బామ్మర్ది పకపకా నవ్వాడు. బావ కూడా నవ్వాడు, కానీ ఒక్క క్షణం ఆలస్యంగా. బామ్మర్ది ముఖం చూసి, ఇక్కడ నవ్వాలి కాబోలనుకుని నవ్విన నవ్వు అది. ఆ కళ్లలో భయం బామ్మర్దికి కనపడింది. 

అక్కకి చెప్పలేదు. చెబితే ఆస్పత్రి అంటుంది, ఆస్పత్రివాళ్లు షెడ్డు మానేయమంటారు, షెడ్డు లేని బావ నీళ్లు లేని చేపే. ఇలా తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. ఆనాటి నుంచీ బావ పని చేసి టీకి వెళ్లగానే, బామ్మర్ది ఆ పనంతా సరిచేసేవాడు. బావ తెరిచిన మర మూసేవాడు, మూసింది తెరిచేవాడు. సాయంత్రం బావని ఇంటి దగ్గర దింపి "ఇవాళ మీ ఆయన ఒక్కడే రెండు బళ్లు తేల్చేశాడక్కా" అని గొప్పగా చెప్పేవాడు. అలా ఏడాది పైనే నెట్టుకొచ్చాడు.

ఒకరోజు గ్యాస్కెట్లు కొనడానికి బజారుకెళ్లాడు. అతను తిరిగొచ్చేలోపే, రిటైరైన ఓ టీచరమ్మ వచ్చి తన కారు తీసుకెళ్లిపోయింది. తండ్రి నాటి కారు అది, ప్రాణంగా చూసుకుంటుంది. దాని మర బావ బార్లా తెరిచి వదిలేశాడు. ఆవిడ తన అన్నగారిని కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే వంతెన మధ్యలో కారు బుసబుసా పొగ కక్కి ఆగిపోయింది. మండుటెండలో, కళ్లు సరిగ్గా ఆనని ముసలాయన చెయ్యి పట్టుకుని, వెనక బళ్ల వాళ్ల తిట్లు తింటూ ఆవిడ రోడ్డు మీద నిలబడాల్సి వచ్చింది. ఆపరేషన్ వాయిదా పడింది.

కారుని తాడు కట్టి షెడ్డుకి లాగించుకొచ్చింది.

"ఎవరు చూశారండీ ఈ బండిని?"

మేస్త్రి అయోమయంగా చూశాడు. బామ్మర్ది ముందుకొచ్చాడు. "నేనేనమ్మా. పొరపాటైంది."

అప్పుడు బావ అతని వైపు తిరిగి, నిజంగానే కోపంతో, "ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు? పరువు తీశావు కదరా!" అన్నాడు. అతను తల దించుకున్నాడు. పరాయి మనుషుల ముందు బావ అతన్ని అలా అనడం అదే మొదటిసారి.

గాలికబురు ఊరికే ఉంటుందా? బామ్మర్ది చేతికి పట్టు తప్పిందన్నారు. ఇంకెవరో దానికి మందు కూడా కలిపారు, పొద్దున్నే తాగొస్తున్నాడని. అది అక్క చెవిన పడింది.

"తాగుతున్నావట్రా?"

"లేదక్కా."

"మరి ఆ బండి సంగతేంటి? అన్నం పెట్టి విద్య నేర్పిన మనిషి పేరు బురదలో కలుపుతావా?"

చెప్పాలని నోటిదాకా వచ్చింది. పక్కగదిలో బావ దగ్గు వినపడింది. నోరు మూసుకున్నాడు.

"కొన్నాళ్లు షెడ్డు వైపు రాకు. నీ ముఖం చూస్తే నాకే కోపం ఆగట్లేదు" అంది అక్క.

అతను లారీల వర్క్‌షాపులో సామాన్లు కడిగే పనికి చేరాడు. అక్క కోపం చల్లారేదాకానే కదా అనుకున్నాడు. పౌరుషమూ అడ్డొచ్చింది. ఆ పొగ గొడవతో షెడ్డుకి బళ్లు రావడమూ తగ్గింది. వానలు వచ్చి వెళ్లిపోయినా అటు వెళ్లలేదు.

ఒక మధ్యాహ్నం అక్క క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్లింది. మేస్త్రి ఓ ఇంజన్ ముందు నిలబడి గాజు సీసాలో నూనె పోస్తున్నాడు. సీసా నిండి, పొర్లి, నేలంతా కారి, ఆయన చెప్పులు నూనెలో మునిగాయి. ఇంకా పోస్తూనే ఉన్నాడు.

"ఏమండీ!" అని అరిచింది.

ఆయన తలెత్తి మర్యాదగా అన్నాడు. "బండి సాయంత్రానికి అయిపోతుందమ్మా. మీరు వెళ్లి రండి."

ఆమె క్యారేజీ అక్కడే పెట్టేసి, మేస్త్రిని కాస్త చూస్తుండమని పక్కకొట్టతనికి చెప్పి, తిన్నగా లారీల వర్క్‌షాపుకి వచ్చింది.

"ఎప్పట్నుంచిరా?"

కిరోసిన్ చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ అంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది. ఆమె పక్కనున్న పాత టైరు మీద కూలబడింది.

"నువ్వు అప్పుడే చెప్పుంటే, ఆయన నన్ను గుర్తుపట్టే రోజుల్లో పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునేదాన్ని కదరా. రోజూ కూరల సంగతీ కరెంటు సంగతీ మాట్లాడుతూ ఆ ఏడాదంతా పోగొట్టుకున్నాను."



అతను షెడ్డుకి తిరిగొచ్చాడు. బావని ఆస్పత్రికి తీసుకెళ్తే, పోయిన జ్ఞాపకం తిరిగి రాదన్నారు. రోజూ షెడ్డులో ఓ కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. అక్క కూడా అక్కడే కూరలు తరుక్కుంటూ కూర్చునేది.

"ఎవరబ్బాయివి నువ్వు? చెయ్యి బాగా తిరిగింది" అన్నాడు బావ ఓరోజు.

"నీ బామ్మర్దిని బావా."

"అంటే నాకు పెళ్లైందా?"

"అయింది. మా అక్కే."

"ఎలాంటిది?"

"మాటకారి. కాస్త కోపమెక్కువ."

బావ గొంతు తగ్గించి అడిగాడు. "నేను బాగా చూసుకున్నానా ఆమెని?"

అక్క కత్తిపీట వదిలేసి షెడ్డు వెనక్కి వెళ్లిపోయింది. చాలాసేపటిదాకా రాలేదు.

ఆ చలికాలంలోనే జ్వరం ఊపిరితిత్తులకి పాకి మేస్త్రి పోయాడు.

పలకరించడానికి వచ్చినప్పుడు టీచరమ్మకి అక్క జరిగిందంతా చెప్పేసింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, బామ్మర్దికి చేతులెత్తి నమస్కారం పెట్టింది. ఆవిడ వెళ్లాక అతను అక్క మీద విరుచుకుపడ్డాడు.

"పోయిన మనిషి పేరెందుకు పాడుచేశావు?"

"అది జబ్బురా, తప్పు కాదు. జబ్బుని నువ్వే తప్పులా దాచావు."

షెడ్డు ఇప్పటికీ నడుస్తోంది. పాత కార్లు తగ్గాయి, బామ్మర్ది మామూలు బళ్లు కూడా పట్టుకుంటున్నాడు. అక్క మధ్యాహ్నం క్యారేజీ తెస్తుంది. ఇద్దరూ కలిసి తింటారు, పోట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. చూసేవాళ్లకి అంతా సర్దుకున్నట్టే ఉంటుంది. ఆ ఏడాది ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తరు. పొరపాటున ఎవరి నోటనైనా వచ్చిందా, అతను ఏదో పనున్నట్టు బండి కిందకి దూరతాడు. ఆమె గిన్నెలు సర్దుకుని, తిన్నావా అని కూడా అడక్కుండా ఇంటికెళ్లిపోతుంది.