కుక్కకు ప్రేమ లేదన్న బాలస్వామి

మా బాలస్వామి మామకు ఒకటే జబ్బు. కుక్కకు యజమాని మీద ప్రేమ ఉండదని వాదించడం. దానికున్నదంతా కడుపేనని, అది తోక ఊపేది మనిషిని చూసి కాదు, చేతిలో ముద్దను చూసేనని ఆయన మైదుకూరు సంతలో వాదించాడు, పెళ్ళి పందిట్లో వాదించాడు, వైద్యుడు నా పన్ను పీకుతుంటే పక్కన నిలబడి, నోరు తెరుచుకొని ఉన్న నాతోనూ వాదించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే ఆ మనిషి ఇంటి పక్కన గోడ పంచుకొని నేను పద్నాలుగేళ్ళు బతికాను. మిషన్ బడి పంతులును కాబట్టి ఓర్పు నా ఉద్యోగంలోనే ఉందని ఊళ్ళో అందరూ అనుకునేవారు. నన్నెవరూ అడగలేదు.

వాదించి ఊరుకుంటే సరిపోయేది. ఆయన పరీక్షలు కూడా పెట్టేవాడు. ఎవరి కుక్కనైనా సరే, నాలుగు రోజులు చాటుగా మేపేవాడు. జొన్న సంగటి ముద్ద, దాని నడుమ ఒక ఎండు మాంసం తునక. తర్వాత ఆదివారం ఆరాధన ముగియగానే మా మిషన్ గుడి ముందర ఆ కుక్కను నిలబెట్టి, ఒక పక్క దాని యజమాని, ఇంకో పక్క తాను నిలబడి, "పిలువప్పా నీ ప్రేమను" అనేవాడు.

యజమాని పిలిచేవాడు. ముద్దుపేర్లతో పిలిచేవాడు. కుక్క నేరుగా బాలస్వామి మామ దగ్గరికి పోయి ఆయన చేయి నాకేది.

పెద్ద రైతు ఓబులేసు చెనక్కాయ చేనికి కాపలా ఉండే కుక్కను కూడా ఇలాగే పరీక్షించాడు. ఓబులేసు నెల రోజులు మా వీధిలోకి రాలేదు. "కుక్క పోతే పోయె, మానం పాయె గదప్పా" అని నా దగ్గర వాపోయాడు. గుర్రపుబండిలో ఊరు చూడవచ్చిన మిషన్ దొరసాని ఒళ్ళో బొచ్చుకుక్క ఉంటే, ఆమె ప్రార్థనలో కళ్ళు మూసుకున్న కాసేపట్లోనే దాన్ని తన వెనక తిప్పుకున్నాడు. నా మోతీ సంగతి చెప్పనక్కర్లేదు. నేను పాలు పోసి పెంచిన మోతీ ఆదివారం నాడు, నా బడిపిల్లలందరి ఎదుట, నన్ను ఎన్నడూ ఎరగనట్టు నడిచిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"యాలప్పా కోపం?" అన్నాడు మామ. "ఇంగో నాలుగు దినాలు నువ్వు మేపు. మళ్ళీ నీదే."

అటువంటి మనిషిని ఓడించే కుక్క ఒక్కటే పుట్టింది మా ఊళ్ళో. అది ఏసన్న నల్లోడు.

ఏసన్న మేకలు కాసేవాడు. నల్లోడు మందకు కాపలా. ఒక ఎండాకాలం మూడు రోజుల జ్వరంతో ఏసన్న పోయాడు. బిడ్డలు లేరు. భార్య రాహేలమ్మ ఒక్కతే మిగిలింది. మట్టి చేసిన మూడోనాడే నల్లోడు పోయి మాంసం కొట్టు ముందర పడుకోవడం ఆమె కళ్ళారా చూసింది.

"కుక్క గూడా మర్చిపాయె. ఇంగ ఆయన్ని తలుచుకునేటోళ్ళు ఎవురుండారు?" అని గోడవైపు తిరిగి పడుకుంది. నా భార్య కృపమణి పొద్దునా సాయంత్రం గంజి తీసుకుపోయేది, తీసుకుపోయినట్టే తెచ్చేది. నాలుగు రోజులయ్యేసరికి ఈమె కూడా దక్కదని మాకు భయం పట్టుకుంది.

ఐదోనాటి సాయంత్రం ఎవరో వచ్చి, నల్లోడు ఏసన్న సమాధి మీద పడుకొని ఉందని చెప్పారు. రాహేలమ్మ గోడ పట్టుకొని లేచి, పడుతూ లేస్తూ పోయి చూసింది. దాని పక్కన కూర్చొని ఏడ్చింది. ఇంటికొచ్చి గంజి తాగింది. ఆనాటి నుంచి అదే వరస. పొద్దు గూకే వేళకు నల్లోడు సమాధి మీద ఉండేది. ఆమె పోయి దానితో కాసేపు కూర్చొని, వచ్చి నాలుగు మెతుకులు తినేది.

ఇంక నన్ను పట్టగలరా? "ఏం మామా, నల్లోనికి ఆడ సంగటి ఎవురు పెడతాండారు?" అని గోడ మీద నుంచి అడిగేవాణ్ణి.

"దాని సంగతి నాకేం తెల్సప్పా" అని ఆయన లోపలికి పోయేవాడు. బాలస్వామి మామ వాదన నడుమ లేచిపోవడం అదే మొదలు. ఆ రుచి మరిగి, పది నెలలు రోజూ ఆయన పుండు మీద కారం చల్లాను.

ఈస్టరు వచ్చింది. ఆ పండుగనాడు తెల్లవారుజామున మేము సమాధుల దగ్గరే ఆరాధన చేస్తాం. ముందురోజు సున్నం కొడతాం. అందరికంటే ముందు సున్నపు కుండతో పోయిన నాకు ఏసన్న సమాధి తలాపున బాలస్వామి మామ కనిపించాడు. కడప బండ ఒకటి పైకెత్తి, దాని కింద సంగటి ముద్ద పెడుతున్నాడు. నల్లోడు పక్కనే నిలబడి తోక ఊపుతోంది.

"మామా, ఏం చేస్తాండావు?"

ఆయన ఉలిక్కిపడలేదు. విసుక్కున్నాడు. "కనపడల్యా? పరీక్ష చేస్తాండా."

"పది నెలల నుంచా?"

"ఇంగా పూర్తి కాల్యా."

పది నెలలుగా నేను గెలిచానని మురిసిన వాదనలన్నీ ఈ మనిషి చేత్తో పెట్టిన ముద్దలే. ఒక్క మాట చెబితే ఊరంతటి ముందు గెలిచేవాడు. చెప్పలేదు. నాకు ఆయన మీద ఇంతకు ముందెన్నడూ రానంత కోపం వచ్చింది. పైగా సమాధి దగ్గర కూడు పెట్టడం మా సంఘంలో పెద్ద తప్పు. పాత అలవాటు మానలేక ఎవరైనా చచ్చిపోయిన పెద్దలకు ముద్ద పెడితే, సంఘ పెద్దగా వాళ్ళను పట్టుకొని పాస్టరు గారి ముందర నిలబెట్టేది ఈయనే.

అంతలో తక్కినవాళ్ళు చీపుర్లతో, సున్నపు కుండలతో వచ్చారు. నల్లోడు బెదిరి పారిపోయింది. ముద్ద బండ కిందే ఉండిపోయింది.

మర్నాడు పొద్దు పొడుస్తుండగా పాస్టరు గారు ఏసన్న సమాధి పక్కన నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. చీమలు ఆయన కాళ్ళకు ఎక్కాయి. చీమల బారు బండ దగ్గరికి పోయింది. బండ ఎత్తారు.

"ఈ కూడు ఎవరు పెట్టినారు?"

అందరూ రాహేలమ్మను చూశారు. రోజూ అక్కడికి పోయేది ఆమే.

"నేను గాదయ్యా" అంది. ఎవరూ నమ్మలేదు.

"ఒప్పుకుంటే ఆరు నెలలు సంస్కారపు రొట్టె ఉండదు. ఒప్పుకోకపోతే సంఘంలో నుంచే తీసెయ్యాల్సి వస్తుంది" అన్నారు పాస్టరు గారు. నేను నోరు తెరిచాను. అది కుక్క కోసమని ఒక్క మాట చెబితే అందరూ ఈ నింద నుంచి బయటపడతారు. బాలస్వామి మామ నా కాలు గట్టిగా తొక్కాడు. అప్పుడు తట్టింది, ఆ మాట అంటే రాహేలమ్మ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటుందని.

"నేను పెట్టినా అయ్యా" అన్నాడు మామ.

"నువ్వా? ఎందుకు?"

"ఏసన్నకు. ఆకలైతాదేమోనని."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారు నవ్వలేదు. అక్కడికక్కడే పెద్దరికం తీసేశారు. ఆరు నెలలు రొట్టె, ద్రాక్షారసం లేవు, గుడిలో వెనక వరసలో కూర్చోవాలన్నారు. మామ తలవంచుకొని సరేనన్నాడు. ఆ తల వంగడం నేను ఎన్నడూ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అన్నాడు, "ఈ పొద్దు నుంచి ముద్ద నువ్వు పెట్టాల. నన్ను అందురూ చూస్తాంటారు."

"నేను పంతులును మామా. నన్ను చూడరా?"

"పంతుల్ని ఎవురు చూస్తారప్పా? బండ కింద పెట్టాకు, చేత్తో తినిపించు."

ఆ సాయంత్రం రాహేలమ్మ సంగటి గిన్నెతో ఆయన అరుగు దగ్గరికి వచ్చింది. వెనకే నల్లోడు. నేను గోడ ఇవతల నిలబడి ఉన్నాను.

"నా మొగుని మీద నల్లోనికి ఒగనికే ప్రేమ అనుకొంటి అన్నా" అంది. "నీకు గూడా ఇంత ఉండాదని నాకు తెలీకపాయె."

మామ ఆ కుక్క వైపు చూశాడు. అది ఆయన చేతివైపు చూస్తోంది. ఆయన చేయి వెనక్కి దాచుకున్నాడు.

"దానిదే పెద్దదమ్మా" అన్నాడు. "నాది దాని తర్వాతే."

ఆమె గిన్నె అరుగు మీద పెట్టి, కళ్ళు తుడుచుకొని వీధిలోకి నడిచింది. నల్లోడు అరుగు దగ్గర నుంచి కదల్లేదు. నేను ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. బాలస్వామి మామ గోడ మీద నుంచి నన్ను కొరకొరా చూశాడు.

"ఏందప్పా ఆ నగు? పొద్దు గూకుతాంది. ముద్ద ఎత్తుకొని, దీన్ని ఎంటబెట్టుకొని బిరీన పో, ఆయమ్మ ఆడికి చేరేలోపల."