దీపాలార్పించిన మావయ్య

ఝపటాపూర్‌లో మా పక్కింటి మావయ్య ఇక లేరని పోయిన నెల ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. చుట్టరికం లేకపోయినా వీధంతటికీ ఆయన మావయ్యే. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా రిటైరై, చివరిదాకా మా వీధికి పౌర రక్షణ వార్డెన్‌గా ఉన్నారు.

ఆయన మెట్ల కింద నాలుగు ఇసక బకెట్లుండేవి. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ ఇసక జల్లెడ పట్టి ఎండలో ఆరబోసేవారు.

"యుద్ధం ఎప్పుడొస్తాదేటి మావయ్యా?" అని ఎగతాళి చేసేదాన్ని.

"అదొచ్చినాక ఆరబెడదావంటే ఇసక ఆరదమ్మా" అనేవారు.

ఓసారి మా వంటింట్లో నూనె మూకుడు అంటుకుంటే నీళ్ల చెంబు ఎత్తాను. పరుగున వచ్చి నా చెయ్యి పట్టి ఆపి, ఆ ఇసకే పోశారు. మళ్లీ ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు.

మా ఊళ్లో సైరన్ అంటే వర్క్‌షాప్‌దే. దాన్నిబట్టే వంటలు, భోజనాలు. అందుకే యుద్ధం వస్తే ఏం చెయ్యాలో నేర్పే మొదటి డ్రిల్‌లో గాలిదాడి సైరన్ మోగితే, దాక్కోవలసిన మేం ఎసరు పెట్టేశాం. ఎదురింటి బెంగాలీ దాదా టిఫిన్ డబ్బా పట్టుకుని వర్క్‌షాప్ గేటుదాకా పోయారు! మావయ్య తల కొట్టుకున్నారు గానీ తిట్టలేదు. ఇంటింటికీ వచ్చి నోటితో సైరన్ కూసి చూపించారు.

"ఎక్కుతా దిగుతా మోగితే దీపాలార్పీసి గోడకాడ కూకోండి. తిన్నగా మోగితే గండం గడిసినట్టు. ఠీక్ హై?"

పెద్దాయన అలా కూస్తుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. కానీ ఎవరూ మర్చిపోలేదు.

సమాధి చేసి వచ్చిన రోజే అత్త ఆయన వార్డెన్ ఈల నా చేతిలో పెట్టింది. ఆయన పని నావల్ల అవుతుందా అని భయపడ్డాను. మొన్న సాయంత్రం డ్రిల్ జరిగింది. నిమిషంలో వీధంతా చీకటైంది, ఒక్క కిటికీ తప్ప. అది మావయ్యదే. ఆయన ఫొటో ముందు అత్త కొవ్వొత్తి వెలిగించి ఉంది.

ఈ ఒక్కటీ వదిలేద్దామనిపించింది. కానీ ఆయన తన ఇంటికి మినహాయింపు ఇచ్చుకున్న మనిషి కాదు.

"అత్తా, ఆ కొవ్వొత్తి..."

"ఇదొక్కటీ ఉండనీవేటమ్మా?"

ఏడుపొచ్చింది. అయినా గుమ్మంలోంచి కదల్లేదు. అత్త నా మెడలోని ఈల వైపు చూసింది.

"ఆయనే ఉంటే ముందు నామీదే కేకలేసీవోరు" అంటూ వంగి కొవ్వొత్తి ఊదేసింది.

ఇద్దరం గోడకానుకుని కూర్చున్నాం. సైరన్ తిన్నగా మోగేదాకా అత్త నా చెయ్యి వదల్లేదు. మోగాక చీకట్లోనే అగ్గిపెట్టె కోసం తడుముకుంది.