మొంబాసాలో మా పెద్దనాన్న దాహం

నా చిన్నప్పుడు మా పెద్దనాన్నకు ఒకసారి ప్రాణం పోయేంత దాహం వేసింది. ఎండాకాలం బహ్రెయిన్‌లో కాదు, ఆఫ్రికా ఒడ్డున మొంబాసాలో, చుట్టూ నీళ్ళూ కొబ్బరిబొండాలూ ఉన్న తోటలో. ఆ దాహం తలుచుకుంటే నాకు జాలి కలగదు, ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను తిడతాను.

అప్పుడు మేం బహ్రెయిన్‌లోని గలాలీలో ఉండేవాళ్ళం. నాన్న, పెద్దనాన్న ఇద్దరూ జగిత్యాల వైపు నుంచి వచ్చి తమకు వీసా ఇచ్చిన ఒకే కఫీల్ దగ్గర, అంటే అరబ్బు యజమాని దగ్గర, క్రేన్లు బిగించే పని చేసేవారు. నాన్న ఫోర్‌మన్ అయ్యాక అమ్మనూ నన్నూ తెచ్చుకున్నాడు. ఆ ఏడాది మా బడి సెలవుల్లోనే కఫీల్‌కు మొంబాసా రేవులో పని దొరికింది. మా పక్కింటి అక్కది మొంబాసాయే. ఇక్కడ బహ్రెయిన్ ఆసుపత్రిలో నర్సు. సెలవు మీద ఇంటికి పోతూ, అందరూ మా ఇంట్లోనే ఉండండి అని పిలిచింది. అమ్మ కడుపుతో ఉంది. అంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది కాబట్టి, ఆమెను గలాలీలో ఒంటరిగా వదిలే ధైర్యం నాన్నకు లేదు. నర్సు కళ్ళ ముందు ఉంటే మంచిదని మమ్మల్నీ వెంట తీసుకెళ్ళాడు.

బయలుదేరే ముందు పెద్దనాన్న బియ్యం, చింతపండు, ఎండు మిరపకాయలు, స్టవ్వు, చివరికి ఉప్పు కూడా మూట కట్టాడు. అక్కడ అడవి తప్ప ఏమీ ఉండదని, వాళ్ళ చేతి తిండి తింటే మన ఒంటికి పడదని నాన్నకు నూరిపోశాడు. అడవట అడవి! పెద్ద రోడ్డు మీద ఏనుగు దంతాల ఆకారంలో ఆకాశమంత కమానులు. బొమ్మలు వేసిన వ్యాన్లు పాటలు హోరెత్తించుకుంటూ పోయేవి. పాత ఊళ్ళో సందులు అచ్చం మా గలాలీ పక్కనున్న ముహర్రఖ్ సందుల్లాగే ఉండేవి, చెక్కిన తలుపులు మాత్రం ఇంకా గొప్పవి. కాఫీ అమ్మేవాళ్ళు గిన్నెలు గలగలలాడిస్తూ తిరిగేవారు. పచ్చి మామిడికాయ ముక్కల మీద కారం చల్లి ఇచ్చేవారు. నేను ఇంత నోరు తెరుచుకుని చూస్తుంటే, పెద్దనాన్న నా రెక్క పట్టి లాగేవాడు.

అక్క వాళ్ళ నాయనమ్మే ఆ ఇంటికి పెద్ద. అక్కడ నాయనమ్మను బీబీ అంటారు, మేమూ అలాగే పిలిచాం. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. మేం దిగిన రోజే ఆమె పెద్ద పళ్ళెంలో కొబ్బరిపాల అన్నం, చేపలు పెట్టి కూర్చోమంది. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క పళ్ళెం చుట్టూ చేరి తింటారు. పెద్దనాన్న మొహం అదోలా పెట్టి, అంత ఎంగిలి మేం తినమని చెప్పి, స్టవ్వు పట్టుకుని మేడెక్కాడు. నాన్న ఆయన వెనకే వెళ్ళాడు. ఇక రోజూ మేడ మీద చింతపండు పులుసే.

అమ్మకు ఆ పులుసు కడుపులో నిలిచేది కాదు. తిన్నదంతా కక్కేది. కింద వంటింట్లో బీబీ పచ్చి కందులు కొబ్బరిపాలలో ఉడికిస్తుంటే ఆ వాసన మేడ దాకా వచ్చేది. కందులంటే అమ్మకు ప్రాణం. మెట్ల మీద కూర్చుని ఆ వాసన పీల్చుకునేది. మా వైపు కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి ఒకటి అడిగితే ఎంత పిసినారి అయినా లేదనడు. పక్కింట్లో పులుసు వాసన వచ్చినా గిన్నె పట్టుకెళ్ళి అడిగి తెచ్చి పెడతారు. అమ్మ అడిగింది. నాన్నను కాదు, ధైర్యం చేసి పెద్దనాన్ననే అడిగింది.

"బావా, జర్రంత ఆ కందుల కూర తింట. పాణం గుంజుతుంది."

"ఎవల చేతిదో తిని, రేపు బిడ్డకు ఏమన్నయితే నాకు ఎరుక లేదు" అన్నాడు మా మహానుభావుడు.

అమ్మ కళ్ళు లోపలికి పోయాయి. నర్సు అక్క నాడి చూసి, ఇలాగే ఉంటే ఈ బిడ్డ కూడా నిలవదని నాన్నకు మొహం మీదే చెప్పింది. నాన్న తల దించుకుని మేడెక్కాడు.

శుక్రవారం బీబీ మమ్మల్ని పడవ ఎక్కించి, సముద్రపు పాయకు అవతల ఉన్న తన కొబ్బరితోటకు తీసుకెళ్ళింది. అక్కడ పడవంటే చిన్నది కాదు, బస్సులూ మేకలూ జనమూ అన్నీ ఒకేసారి ఎక్కేంతది. పెద్దనాన్న స్టవ్వూ గిన్నెలూ అక్కడికీ మోసుకొచ్చాడు. తోట దాకా నడిచేసరికి అమ్మకు కళ్ళు తిరిగి బావి దగ్గర కూలబడింది. అక్క ఆమె మొహం మీద నీళ్ళు కొట్టింది. బీబీ అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని, ఈ పిల్ల చివరగా ఏం తిన్నదని అడిగింది. అక్క ఉన్నదంతా చెప్పేసింది. అప్పటిదాకా బీబీ మా మేడ మీది వంటను మా ఆచారం అనుకుని ఊరుకుందట. అది ఆచారం కాదు, తన చేతి కూడంటే ఈయనకు అసహ్యమని ఇప్పుడు అర్థమైంది.

అదే సమయంలో పెద్దనాన్న చెంబు పట్టుకుని, బియ్యం కడగాలి, నీళ్ళు తోడి పోయమన్నాడు. నీళ్ళకు మాత్రం అంటు లేదు కాబోలు! బీబీ చేద నిండా తోడింది. ఆయన చెంబు చాపాడు. ఆమె ఆయన కళ్ళలోకి చూస్తూ ఆ నీళ్ళన్నీ కొబ్బరి మొక్క మొదట్లో పోసేసింది. మళ్ళీ తోడింది, మళ్ళీ పోసేసింది. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని గొంతెత్తింది. అక్క ఆ మాటలను మాకు తెలిసిన హిందీలో చెబుతూ పోయింది. నా చేతి కూడు పనికిరాకపోతే నా చేతి నీళ్ళెలా పనికొస్తాయి? ఈ బావి మా నాయన తవ్వాడు, ఈ చేంతాడు నేను పేనాను. నువ్వు తాకితే నీకే మైల. నీ నీళ్ళు నువ్వు తెచ్చుకోలేదా?

పెద్దనాన్నకు రోషం పొడుచుకొచ్చింది. బొండాం తాగుతానన్నాడు. బీబీ పెద్ద మనవడు బొండాలు దింపడానికి కత్తి నడుముకు దోపుకుని లేచాడు. బీబీ అతన్ని కూర్చోబెట్టింది. వీడి చేయి తగిలితే బొండాం చెడిపోతుంది, చెట్టు నువ్వే ఎక్కమని పెద్దనాన్నతో అంది. క్రేన్ల మీద పాకే మనిషి కదా, పెద్దనాన్న పంచె ఎగగట్టి కొబ్బరిచెట్టును కావలించుకున్నాడు. మనిషెత్తు పోయాడో లేదో సర్రున జారాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ జారాడు. ఛాతీ అంతా గీరుకుపోయింది. తోటలో పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు తర్వాత నాకు వీపు పగిలింది, అయినా నవ్వినందుకు ఇప్పటికీ సంతోషమే.

ఆయన ఎండలో నాలుక పిడచకట్టి రొప్పుతుంటే, బీబీ చాప పరిచి పళ్ళెం పెట్టింది. కొబ్బరి అన్నం, కందులు, చేపలు. అమ్మ లేచింది. బావి గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, పళ్ళెం దగ్గర కూర్చుంది. పెద్దనాన్న అరిచాడు, "ఏయ్, నీ పెండ్లాన్ని లేపురా!" నాన్న ఎటూ పోలేక కొబ్బరిచెట్టు నీడలో నిలబడిపోయాడు. లేపలేదు, పోయి పక్కన కూర్చోనూ లేదు. ఆయన మీద నాకు ఆ కోపం ఇంకా అలాగే ఉంది.

మా అమ్మ బావ ఎదుట గొంతెత్తడం నేను అంతకుముందు చూడలేదు.

"దొర ఇంటి ముంగట దోసిలి పట్టి నీళ్ళు తాగినోనివి నువ్వు. మీద నుంచి పోస్తుంటే మెడ వంచి తాగినవు. మీ అమ్మనే చెప్పింది నాకు. ఆ దొర చేసిందే ఇయ్యాల నువ్వు జేస్తున్నవు. సిగ్గు లేదా బావా?"

అంతే. బీబీ చేప ముల్లు తీసి, కందులతో కలిపి, ముద్ద చేసి అమ్మ నోటికి అందించింది. అమ్మ తిన్నది. ఏడుస్తూ తిన్నది. వాంతి కాలేదు. నేనూ వెళ్ళి పళ్ళెంలో చెయ్యి పెట్టాను.

అక్కడున్నన్నాళ్ళూ అమ్మ బీబీ వంటింట్లోనే తిన్నది. పెద్దనాన్న రేవు దగ్గర పనివాళ్ళుండే క్యాంపుకు మారిపోయాడు. చచ్చేదాకా మారలేదు ఆ మనిషి, దుబాయిల ఇన్నేండ్లు ఉన్నా ఒగని ఎంగిలి ముట్టలేదని గొప్పగా చెప్పుకునేవాడు. మా వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. తమ్ముడు బహ్రెయిన్‌లోనే పుట్టాడు, బొద్దుగా, గట్టిగా. బీబీని మేం మళ్ళీ చూడలేదు.

ఆ తమ్ముడికి ఇప్పుడు బహ్రెయిన్‌లోనే, అస్కర్‌లో సొంత ఆఫీసు ఉంది. క్యాంపులకు మనుషులను పంపే కాంట్రాక్టు. మొన్న వాడి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ కూలర్ మీద వరసగా గాజు గ్లాసులున్నాయి. కింద నేల మీద, చీపురు పక్కన ఒక ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి ఉంది. అదెవరిదిరా అన్నాను.

"వాచ్‌మన్‌ది అక్కా. ఆఫ్రికావోడు. గందుకే వేరే పెట్టిన."

ఏ ఊరివాడని అడిగితే మొంబాసా పక్కన ఏదో పల్లె అన్నాడు. వంగి ఆ గ్లాసు తీసి, కడగకుండా కూలర్ కింద పట్టి నింపి, వాడి ముందే గటగటా తాగాను. అక్కా, అది వానిది అని వాడు సీట్లోంచి లేచాడు.

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు తిన్నది గూడ వాళ్ళదే. వాళ్ళ ముసలామె చేతి ముద్ద లేకుంటే నువ్వు లేవు. అది కక్కి, అప్పుడు ఈ గ్లాసు నేల మీద పెట్టు."

నా బీపీ చూసి డాక్టరు కోపం తగ్గించుకోమంటాడు. కూరగాయల మీద, ఏసీ మీద, అల్లుడి మీద అన్నిటి మీదా తగ్గించుకున్నాను. ఈ ఒక్కటి తగ్గించుకోను. ఇది ఆ తోటలో మా అమ్మ తన బావ ఎదుట గొంతెత్తిన రోజు నాకు అంటుకున్న కోపం, నేను పోయేదాకా నాతోనే ఉంటుంది.