మంజీర దగ్గర వెనక్కి చూడొద్దట

ఉదయం ఏడింటికి రుద్రారంలో సంగారెడ్డి బస్సు కోసం నిలబడ్డాం. మా నాయన పోయి మూడో రోజు. అస్థికలు మంజీరలో కలపాలి. తలకొరివి పెట్టిన చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, మట్టి ముంత పట్టుకున్నాడు. పక్కన అమ్మ, నేను. కారు మాట్లాడతానంటే చిన్నాయన ఒప్పుకోలేదు. "అన్న ఎప్పుడన్న కారెక్కిండా? బస్సులనే పోదం" అన్నాడు. మొన్నటి నుంచి ప్రతిదానికీ అడ్డమే.

ఆ వేళకు మాత్రం మీరు బయల్దేరకండి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితమే, సీటు మాత్రం దొరకదు. ముంతను కింద పెట్టొద్దట, ఆడపిల్లనని నేను ముట్టుకోవద్దట. చిన్నాయన ఒక చేత్తో ముంత, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని ఊగుతుంటే నా ప్రాణం పోతోంది. గుడ్డ కట్టిన ముంతను చూసి పచ్చడనుకుని పక్కసీటు ఆవిడ అడిగింది.

"ఏం తొక్కన్నా, మామిడికాయదా?"

"మా అన్న" అన్నాడు చిన్నాయన.

ఆవిడ లేచి వెనక్కి వెళ్లిపోయింది. అట్లా అమ్మకు సీటు దొరికింది.

సంగారెడ్డిలో దిగేసరికి ఎనిమిది దాటింది. అమ్మకు షుగర్. రెండు ఇడ్లీలు తినిపిద్దామంటే, కలిపేదాకా నోట్లో ఏం పెట్టొద్దన్నాడు చిన్నాయన. పళ్లు కొరుక్కుంటూ ఆటో మాట్లాడాను.

మంజీరలో మోకాలి లోతు నీళ్లే ఉన్నాయి. చిన్నాయన అస్థికలు వదిలి మునిగి లేచాడు. మేమూ తలమీద నీళ్లు పోసుకున్నాం.

"ఇగ ఎనుకకు తిరిగి సూడొద్దు. సూస్తే ఆత్మ మన ఎంబడి ఇంటికొస్తది. ఆటో దాకా మాట్లాడొద్దు గూడ" అన్నాడు చిన్నాయన.

ముందు ఆయన, తర్వాత నేను, చివర అమ్మ. తడి చీర నా కాళ్లకు చుట్టుకుంటోంది. "అమ్మా, వస్తున్నవా?" అన్నాను. చిన్నాయన "ష్!" అన్నాడు. నోరు మూసుకున్నాను.

ఆటో దగ్గరికి వచ్చాక డ్రైవర్ అడిగాడు, "పెద్దమ్మ ఏది?"

అమ్మ లేదు. మొగుడు పోయి మూడు రోజులైన మనిషి, నీళ్ల పక్కన ఒంటరిగా. చిన్నాయన మాత్రం రోడ్డు వైపే మొహం పెట్టి నిలబడ్డాడు.

"డ్రైవర్ను పంపుదం. మనం మళ్ల పోవద్దు."

"నీ పద్ధతులు నీ దగ్గరే పెట్టుకో చిన్నాయినా!" అని అరిచి వెనక్కి పరుగెత్తాను.

అమ్మ మేం వదిలిన చోటే నిలబడి ఉంది. దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి.

"ఏందమ్మా ఇది? మమ్మల్ని సంపుతవా?"

అమ్మ నీళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు.

"తిరిగి సూస్తే ఎంబడి వస్తడన్నడు గద బిడ్డా. ఇంతసేపు సూసినా వస్తలేడు."

పక్కన నిలబడి నేనూ చూశాను.

పదకొండింటి బస్సుకు తిరుగు ప్రయాణం. ఈసారి ముగ్గురికీ సీట్లు దొరికాయి. ఇడ్లీలు కొనిస్తే అమ్మ ఒకటి తిన్నది. మీలో ఎవరికైనా ఈ ప్రయాణం తప్పకపోతే సొంత బండి మాట్లాడుకోండి, పొద్దున ఏమైనా తిని వెళ్లండి, పెద్దవాళ్ల చెయ్యి వదలకండి.

బస్సు కదలగానే అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి మంజీర వైపు తిరిగింది. ముందు సీట్లో చిన్నాయన "వదినా..." అన్నాడు.

"నువ్వు ముందటికి సూడు చిన్నాయినా" అన్నాను.