విఠల్ రావు పెట్టిన గడువు

మన అమెచ్యూర్ రేడియో క్లబ్ అధ్యక్షులు విఠల్ రావు గారు దివంగతులైనారన్న వార్త చెవిన పడిన క్షణాన జూబ్లీహిల్స్ బండలు కంపించాయి. నా చేతిలోని కాఫీ గ్లాసు జారి భళ్ళున పగిలింది. నోట మాట రాలేదు.

ఇలా రాయడం మర్యాద కనుక రాశాను. జరిగింది వేరు. శ్రీనగర్ కాలనీ మూర్తి ఫోన్ చేసి, "ప్రసాదరావు గారూ, విఠల్ రావు గారు పోయారండీ, నిద్రలోనే" అన్నాడు. గ్లాసు పగల్లేదు. కాఫీ చివరి బొట్టు దాకా తాగాను. నోట మాట కూడా శుభ్రంగా వచ్చింది: "అయితే రేపట్నుంచి నెట్ ఎవరు నడుపుతారు?" నెట్ అంటే తెలియని పాఠకులకు ఒక్క మాట: మన సభ్యులందరూ రోజూ పొద్దున ఎవరింటి నుంచి వారు రేడియోలో కలుసుకుని హాజరు పలికే సభ. దానికి జీవితకాల నియంత విఠల్ రావు.

పోయినవారి గురించి మంచే చెప్పాలంటారు పెద్దలు. ఆ పెద్దలెవరికీ విఠల్ రావుతో పరిచయం లేదు. 'గారు' కూడా ఇక్కడితో తీసేస్తున్నాను. ఆయన బతికుండగా నేనెన్నడూ వాడలేదు.

షేక్‌పేటలో పుట్టి, టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసి, ఫిల్మ్‌నగర్ వైపు దిగే వాలులో బండ మీద ఇల్లు కట్టుకున్నాడు. ఆ మేడ మీదే మన యాంటెన్నా, దాని కింద రిపీటర్ పెట్టె. అరచేతిలో పట్టే సెట్టు నుంచి వచ్చే పీలగొంతును సైతం అందుకుని ఊరంతటికీ వినిపించే మహాయంత్రం అది. కాని ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ రెండోవారి గొంతు అందులో దూరదు. అందుకని విఠల్ రావు దానికో గడువు బిగించాడు. నిమిషం దాటి ఎవరు బటన్ పట్టుకున్నా పెట్టె తనంతట తానే వారి మాటను కోసేస్తుంది.

డబ్బింగ్ థియేటర్లో ముప్పై ఏళ్ళు శబ్దాన్ని ఏలినవాణ్ణి నేను. నిమిషంలో నాకు గొంతు సవరించుకోవడమే పూర్తికాదు. మా ఇద్దరి శత్రుత్వానికి మూలం ఆ నిమిషమే. ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ గడువు పెంచాలని నేను తీర్మానం పెట్టేవాణ్ణి.

"మూడు నిమిషాలన్నా ఇవ్వవయ్యా విఠల్ రావూ! మాట మధ్యలో తెగితే మనిషికి అవమానం కాదా?"

"అవమానమైతెనే ఆపుతవ్. నీకు ఇంకెట్ల చెప్పాలె?"

"ఇది క్లబ్బా, నీ జాగీరా?"

"జాగీరే. మేడ నాది, కరెంటు నాది. చాయ్ గూడ నాదే, తాగి పో."

ఆ చాయ్ నీళ్ళలా ఉండేదని రాయాలని ఉంది. నిజానికి బాగుండేది, కలిపేది ఆయన భార్య సులోచనమ్మ గారు కదా.

ఆయన ధర్మాగ్రహానికి ఒక ఉదాహరణ చెప్పి తీరాలి. ఒకప్పుడు మా వీధిలో ఒక అగ్రహీరో చిత్రానికి షూటింగ్ జరుగుతోంది. వందలాది జనం, క్రేన్లు, గుర్రాలు. యూనిట్ వాళ్ళ వాకీటాకీలు లైసెన్సు లేకుండా మన తరంగంలో అరుస్తున్నాయి. విఠల్ రావు లుంగీ మీదే వచ్చి, కెమెరా ముందు నిలబడి, షూటింగ్ ఆపేశాడు. గుర్రాలు లేవు. హీరో లేడు. అది ఒక చీరల దుకాణం ప్రకటన, జనమంటే పదిమంది. లుంగీ మాత్రం నిజం.

"సార్, ఒక్క షాట్ సార్, అడ్జస్ట్ అవ్వండి," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

"గీ తరంగం నీ అయ్య కొన్నడా? లైసెన్సు చూపెట్టు. లేకపోతె అన్నీ బంద్ చెయ్యి."

నేను పరుగెత్తి, "మనవాళ్ళేనయ్యా, పోనీ వదిలెయ్" అన్నాను.

"మనోళ్ళైతె ఏంది? వినకుండ మాట్లాడెటోడు ఎవడైతె నాకేంది? నువ్వైతె మాత్రం?"

నా పరిశ్రమ ముందు నా పరువు తీసిన ఆ ఉదయాన్ని నేను మరిచిపోలేదు, మరవను.

పొగిడినా ఓర్వని మనిషి. అంతరిక్షంలో తిరిగే వ్యోమగాములతో విఠల్ రావు స్వయంగా సంభాషించాడని ఒక పాఠశాల ప్రదర్శనలో నేను ఘనంగా పరిచయం చేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన లేచి మైకు లాక్కుని, "ప్రసాద్ రావ్ అబద్ధం చెప్పిండు. నేను మాట్లాడలే. విన్న. గంతే" అని కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళేదాకా నాతో మాట్లాడలేదు. కారు దిగేటప్పుడు మాత్రం ఎప్పుడూ అనే మాటే అన్నాడు: "బటన్ వదిలితెనే లోకం వినబడ్తది."

ఆయన పోయిన వారానికి సులోచనమ్మ గారు కబురు పెట్టారు. మేడ తాళం నా చేతిలో పెట్టి, "అన్నా, గా పెట్టెను ఇగ నువ్వే చూసుకో. ఆయన రోజూ నీ మీద ఒర్రుడు ఇనీ ఇనీ, ఇప్పుడు ఇల్లంత చప్పుడు లేక ఎట్లనో ఉంది" అన్నారు. కళ్ళనీళ్ళతో మేడ మెట్లెక్కానని రాయవచ్చు. ఈల వేసుకుంటూ ఎక్కాను. పెట్టెలో గడువును పట్టి ఉంచేది స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న మర. ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. నిమిషం గడువు నిర్మూలమైంది.

మర్నాడు పొద్దున సంస్మరణ నెట్. నిర్వహణ నాది. మోతీనగర్‌లో ఒంటరిగా ఉండే అన్నపూర్ణ టీచర్ మొదలు మూర్తి దాకా అందరూ సెట్లు పెట్టుకుని వింటున్నారు. నేను మొదలుపెట్టాను. మూర్తి స్నానం చేసి వచ్చేసరికి నేనింకా విఠల్ రావు బాల్యంలోనే ఉన్నానట. గుర్రాలు వచ్చాయి. వ్యోమగాములు వచ్చారు. పెట్టె కోయలేదు. చివరకు మన ఆచారం ప్రకారం ఆయన కాల్ సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన రేడియో పేరు, మూడుసార్లు పిలిచి మౌనం పాటించాను. ఆ మౌనంలో కూడా బటన్ వదల్లేదు. మధ్యలో ఎవరైనా దూరి పాడుచేస్తారని. మౌనం కూడా నాదే కావాలనిపించింది. ఆ తన్మయత్వంలో హాజరు పిలవకుండానే నెట్ ముగించాను.

కాసేపటికి మూర్తి ఫోన్. "అన్నపూర్ణ టీచర్ హాజరు పడలేదండీ. విఠల్ రావు గారైతే ఆవిడ గొంతు వినందే నెట్ ముగించేవారు కాదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు."

ఇద్దరం మోతీనగర్ పరుగెత్తాం. పక్కింటివారి దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాం. టీచర్ వంటింట్లో కాలు జారి పడి ఉన్నారు. మణికట్టు విరిగింది. ఫోన్ పడకగదిలో ఉంది. రెండో చేతిలో మాత్రం రేడియో సెట్టు.

"పిలవలేదా టీచర్ గారూ?" అన్నాను, మోకాళ్ళ మీద కూలబడి.

"పిలుస్తనే ఉన్న. మీరు బటన్ వదుల్తలేరు." నొప్పిలోనూ ఆవిడ నవ్వారు. "కింద పండుకోని మొత్తం విన్న ప్రసాద్ రావు గారూ. ఆయన ఆకాశంలోని వాళ్ళతోని మాట్లాడిండని గూడ చెప్పిన్రు. అబద్ధమే గద?"

"అబద్ధమేనమ్మా."

"ఆయనుంటె అక్కడనే కోస్తుండె."

టీచర్ చెయ్యి ఇప్పుడు అతుక్కుంటోంది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనగలిగిన మనిషి నిద్రలో పోయాడు. నిమిషం గడువు నా మీద కక్షతో పెట్టిందేనని ఇన్నేళ్ళూ నమ్మాను, నలుగురికీ చెప్పాను. అది పీలగొంతుల కోసం ఆయన తెరిచి ఉంచిన సందు. ఆ సంగతి ఒక్కసారైనా నాకు విడమరిచి చెప్పవచ్చు కదా? చెప్పాడేమో. నేను మాట్లాడుతూ ఉండి ఉంటాను. బతికినన్నాళ్ళూ తీర్మానాల్లో ఓడించింది చాలక, పోయాక కూడా ఆయన మాటే నెగ్గింది. ఇందుకు విఠల్ రావును నేను క్షమించలేను.

టీచర్ పడిన రోజు సాయంత్రమే మళ్ళీ మేడ ఎక్కాను. ఈసారి ఈల లేదు. మరను ఆయన పెట్టిన చోటికే తిప్పాను. ఇంకో పిసరు వెనక్కి కూడా తిప్పాను, నా సంగతి నాకు తెలుసు కనుక. సులోచనమ్మ గారు చాయ్ ఇచ్చి, "ఒర్రుతలేవేంది అన్నా?" అని అడిగారు. ఎదుట ఆపేవాడు ఉంటేనే నాకు మాట వస్తుందని అప్పుడు తెలిసింది.

ఆయన స్థానాన్ని ఎవరూ భర్తీ చేయలేరని రాయడం ఆనవాయితీ. ఈ ఒక్క వాక్యంలో అతిశయోక్తి లేదు. నెట్ ఇప్పుడు నేనే నడుపుతున్నాను. రోజూ మొదట మోతీనగర్‌నే పిలుస్తాను. ఆయన గురించి ఇంకా బోలెడు ఉంది చెప్పడానికి, సగం తిట్లు, సగం కోతలు. కాని అవతల ఎవరో పిలుస్తూ ఉండవచ్చు.

బటన్ వదులుతున్నాను.