వదిన పాటలకు చవక చోటు

పుంగనూరులో మాది స్టీలు సామాన్ల అంగడి. బేరం చేయకుండా మా ఇంట్లో ఎవరూ ఏదీ కొన్న పాపాన పోలేదు. ఎదుటివాడు చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టడం నాకు ఉగ్గుపాలతోనే వచ్చింది. అదొక పెద్ద తెలివి అనుకుని మురిసిపోయేవాణ్ణి. దాని వల్ల ఏం పోగొట్టుకున్నానో ఎవరికీ చెప్పుకోలేదు.

మా వదినది కుప్పం. సగం తెలుగు, సగం అరవం కలిసిన పాటలు ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. చెనిక్కాయలు ఒలిచేటప్పుడు పాడుకునేవి, బిడ్డను నిద్రపుచ్చేవి, వియ్యపురాలిని ఆడిపోసుకునేవి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాటలకు ఇల్లంతా నవ్వేది. నేను మరీ ఎక్కువ. ఆమె మూతి తిప్పి ఇంకాస్త గట్టిగా పాడేది.

రెండువేల ఆరు ప్రాంతంలో ఆమెకు జబ్బు చేసింది. వేలూరు డాక్టర్లు చెప్పాల్సింది చెప్పేశారు. అన్నావదినల పాపకు అప్పుడు ఆరేళ్లు. మా వీధి నెట్ సెంటర్లో ఎవరో తన పేరు మీద వెబ్‌సైట్ పెట్టుకుంటే చూసొచ్చి, వదిన నన్ను పక్కకు పిలిచింది.

"నా పాటలు గూడా అట్ల పెట్టియ్యప్పా. పాప పెద్దదై యాడుండినా ఇనుకుంటాది."

టేపులో పాడమంటే ఒప్పుకోలేదు. వాళ్లమ్మ పాటలున్న క్యాసెట్టు బూజు పట్టి తెగిపోయిందట. నాలుగు మధ్యాహ్నాలు ఆ సెంటర్లో మైకు ముందు కూర్చుని, దగ్గు ఆగినప్పుడల్లా పాడి, పన్నెండు పాటలు పూర్తి చేసింది.

ఇక వాటికి నెట్‌లో చోటు కావాలి. ఊరికే ఇచ్చేవాళ్లు ఉన్నారు గానీ, పేజీ నెత్తిన వాళ్ల ప్రకటనలు ఆడుతుంటాయి. జోలపాట పైన పెళ్లిసంబంధాల ప్రకటన చూసి వదిన పకపకా నవ్వి, తర్వాత వద్దంది. పెద్ద కంపెనీలకు క్రెడిట్ కార్డు కావాలి. మాకు యాడిది కార్డు? వెతగ్గా వెతగ్గా మదనపల్లెలో ఒకాయన దొరికాడు. పెద్ద కంపెనీ దగ్గర చోటు మొత్తంగా తీసుకుని, మాలాంటి వాళ్లకు ఏడాది లెక్కన చిల్లరగా ఇస్తాడు. సరుకు కోసం వెళ్లినప్పుడు ఆయన దగ్గర కూర్చున్నాను.

ఆయన చెప్పిన ధరలో, పాటలకు ఇంకో నకలు వేరే చోట దాచిపెట్టడం కూడా కలిసి ఉంది. నాకు బేరం పుట్టింది. ఒక బిందె కొనేవాడికి ఇంకో బిందె అంటగడతావా అని దబాయించాను. నకలు తీసేయించి, ధర సగానికి దించాను. ఆయన రసీదు మీద నకలు వద్దు అని రాసి, నా చేత సంతకం పెట్టించుకున్నాడు. బస్సులో దారి పొడుగునా నా అంతటివాడు లేడనుకుంటూ వచ్చాను. నా ముఖానికి అదొకటి.

ఏడాది పాటు పాటలు బాగానే మోగాయి. వారానికోసారి తల్లీకూతుళ్లు నెట్ సెంటర్‌కు పోయి వినేవాళ్లు. ఏడాది గడువుకు వారం ముందు వదిన పోయింది.

ఐదో రోజున మదనపల్లె ఆయన ఫోన్ చేశాడు. గడువు అయిపోతోంది, మళ్లీ కట్టాలన్నాడు. మేం సూతకంలో ఉన్నాం. పెద్దకర్మ అయ్యేదాకా అంగడి తలుపు తీయం, చేత్తో రూపాయి బయటికి ఇవ్వం. ఆ మాటే చెప్పాను. ఇంకెవరి చేతనైనా పంపించండి, ఇది నా చేతిలో ఉండదు అన్నాడు. మా ఇంట్లో మనిషి పోయిందయ్యా అని నేనే కసిరి ఫోన్ పెట్టేశాను.

పెద్దకర్మ మరునాడు మొదటి బస్సుకు మదనపల్లె వెళ్లాను. అంతకు ముందు రోజే పెద్ద కంపెనీవాళ్ల యంత్రం అన్నీ చెరిపేసిందట. నకలు అని నేను నోరు తెరిచేలోపే ఆయన తల దించుకున్నాడు. రసీదు చూపించలేదు. చూపించి తిట్టినా బాగుండేది. పుంగనూరు వచ్చి నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. అక్కడి కంప్యూటర్లు వైరస్ పట్టి రెండుసార్లు తుడిచినవి.

అన్నకు చెప్పే ధైర్యం చాలలేదు. పాపకు అసలే లేదు. అమ్మ పాట పెట్టమన్నప్పుడల్లా నెట్ పనిచేయడం లేదన్నాను. ఒకసారి కరెంటు లేదన్నాను. రాన్రానూ అడగడం మానేసింది. పిల్ల మరిచిపోయింది, బతికిపోయాననుకున్నాను. అంత నీచంగా అనుకున్నాను. ఆ ఖాళీ సైటుకు మాత్రం ఏడాదికేడాది కడుతూనే వచ్చాను, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా.

పాప మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి కాలేజీలో ఇంజనీరింగ్‌కు చేరిన ఏడాది, మదనపల్లె పోయి కట్టొస్తానని బయల్దేరుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఇంక కట్టాకు సిన్నాయనా. ఆడ ఏమీ లేదని నాకు ఏడేండ్లప్పుడే తెలుసు. నువ్వు ఏడుస్తావని అడగడం మానేస్తి."

నేను చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాను. అది నా పక్కనే కూర్చుంది. నీకేమైనా గుర్తుందా తల్లీ అని అడిగాను. పాటలు లేవంది. అమ్మ దగ్గు మాత్రం గుర్తుందంది.