దిగేటప్పుడు చప్పుడు రాకూడదు

మా డ్రిల్లు సారు పోయిన మంగళవారం కన్నుమూశారు. ముత్తుకూరు రోడ్డు మీద లారీల మధ్య నేను ట్రాఫిక్ డ్యూటీలో ఉన్నప్పుడు, నాతోపాటు ఆయన దగ్గర పరుగు నేర్చుకున్న అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, సారు పోయినారు. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నోరు కూర్చున్నట్టే పోయినారక్కా" అంది. ఒక లారీని ఆపి ఇంకో లారీని వదిలాను. ఏడుపు కూడా రాలేదు, అంత అలసటగా ఉంది.

మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు. ఇందుకూరుపేట దగ్గర ఒక బడిలో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత సాయంత్రాలు సముద్రం ఒడ్డున, పోలీసు సెలక్షన్లకు వెళ్లేవాళ్లకు ఊరికే పరుగు నేర్పేవారు. అప్పటికే నేను రెండుసార్లు ఆ పరుగులోనే తప్పాను. మొదట్లో అందరికంటే ముందుండేదాన్ని, ఆఖరి రౌండులో కాళ్లు తడిసిన గోనెసంచులయ్యేవి. వయసు దాటిపోతోంది, మూడోసారి తప్పితే ఇక ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని పొద్దునా సాయంత్రం మైపాడు రోడ్డంతా పరుగెత్తేదాన్ని. ఎంత పరుగెత్తితే అంత వెనకబడ్డాను.

సారు రెండు రోజులు చూసి, "పరుగు సగానికి తగ్గించు పాపా. ఎగురు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "పరిగెత్తేదానికి వచ్చినా సార్, ఎగిరేదానికి కాదు" అన్నాను.

"ఊపిరికేం, గుర్రమంత ఉండాది నీకు. కాళ్లల్లోనే సత్తువ లేదు. అడుగేసినప్పుడల్లా నేలలో కూరకపోతుండావు. మళ్లీ పైకి లేచేదానికే ఉన్న బలమంతా అయిపోతుండాది."

అలా మొదలైంది. ఇసుక మూట భుజాన వేసుకుని గుంజీలు తీయడం, ఒంటికాలి మీద గెంతడం, తుఫాను షెల్టరు మెట్ల మీద నుంచి సిమెంటు అరుగు మీదికి దూకి వెంటనే మళ్లీ ఎగరడం. మా అమ్మ ఒకసారి వచ్చి చూసి, "పరుగు నేర్పమంటే కప్పగంతులు నేర్పిస్తుండాడేంది మీ సారు?" అని నవ్వింది. ఆ వారమంతా మంచం మీద కూర్చోవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చేది.

ఆయన మా వైపు చూసేవారు కాదు. సముద్రం వైపు తిరిగి కుర్చీలో కూర్చుని, ఒళ్లో తువ్వాలు పరిచి, వేయించిన శెనక్కాయలు పెట్టుకుని వింటూ ఉండేవారు. "ఎవరది, బస్తా పడేసింది?" అనేవారు. నేనే. "మళ్లీ ఎక్కు. దిగేటప్పుడు చప్పుడు రాకూడదు. చప్పుడైందంటే నీ బలం నేలపాలైనట్టే." బాగా దిగితే మెచ్చుకునేవారు కాదు. ఒక శెనక్కాయ పటుక్కున వలిచేవారు, అంతే. ఆ పటుకు కోసం మేం పడిచచ్చేవాళ్లం.

ఆయన మోకాళ్లు రెండూ పోయాయి. "మా రోజుల్లో పరుగంటే పరుగే. ఇదిగో, దాని ఫలితం" అని వాటిని తట్టి చూపించేవారు.

కొన్నాళ్లకు తేడా తెలిసింది. ఊపిరి అదే, అడుగు మాత్రం కొంచెం దూరంగా పడుతోంది. సెలక్షను రోజు ఆఖరి రౌండులో కాళ్లు ఇంకా నావిగానే ఉన్నాయి. ఫస్టు రాలేదు కానీ పాసయ్యాను. పరుగున వెళ్లి చెబితే ఆయన మొదట అడిగింది, "మోకాళ్లేమన్నా నొప్పిగా ఉండాయా?" అని. లేవన్నాను. "అయితే సరే" అన్నారు. ఆయనంటే నాకెంత ప్రేమో ఆరోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక తీరికెక్కడిది?

సారు పోయిన మర్నాడు చర్చి వెనక శ్మశానంలో పాస్టరుగారు ప్రార్థన ముగించారు. పెట్టెను గుంటలోకి దించడానికి మగవాళ్లు తాళ్లు పట్టుకోబోతుంటే సారు భార్య ఆపింది. "ఆడపిల్లలూ పట్టుకోండమ్మా. మీకు నేర్పిందేగా ఆయన" అంది.

ఇసుక నేల, అంచులు జారిపోతున్నాయి. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా పెట్టి, తాడు కొంచెం కొంచెంగా వదిలాం. పెట్టె నేలను ఎప్పుడు తాకిందో తెలియలేదు. చేతిలో తాడు వదులయ్యాకే తెలిసింది.

అందరూ మట్టి వేసి కదిలారు. నేను మాత్రం వెనక ఎక్కడైనా శెనక్కాయ పటుక్కుమంటుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.